క్లోమ ఎంజైమ్ క్యాప్సూళ్లు: ఊరట వేరు, రోగ నిర్ధారణ వేరు

తిన్న అన్నంలోని నెయ్యి, నూనె ఒంటబట్టకుండా మలంతో బయటికి పోతున్నప్పుడు వైద్యులు రాసే మందుల్లో ముఖ్యమైనది క్లోమ ఎంజైమ్ క్యాప్సూల్. చాలామందికి ఈ మందు చేతికందే సమయానికి జబ్బు పేరు ఇంకా తేలి ఉండదు. బరువు తగ్గుతూ ఉంటుంది, తిన్న కాసేపటికే పొట్ట ఉబ్బుతుంది, జిడ్డుగా, దుర్వాసనతో విరేచనాలు అవుతుంటాయి. స్కానింగ్‌లో ఏదో కొద్దిపాటి తేడా కనిపించింది గానీ ఖాయంగా చెప్పలేమంటారు. "ముందు ఇది వాడి చూద్దాం" అని వైద్యుడు చీటీ రాస్తాడు. అందులో తప్పేమీ లేదు. బరువు పడిపోతున్న మనిషిని అన్ని పరీక్షల ఫలితాలూ వచ్చేదాకా మందు లేకుండా ఉంచలేరు. అయితే అక్కడి నుంచి రోగి రెండు పనులు ఒకేసారి నడపాల్సి వస్తుంది. ఒకటి, క్యాప్సూల్‌ను తిండితో సరిగ్గా జతచేయడం. రెండు, మందు పనిచేసినా చేయకపోయినా అసలు కారణం కోసం వెతుకులాట ఆపకపోవడం. మొదటిది సరిగ్గా జరగకపోతే రెండోది కూడా దారి తప్పుతుంది.

క్లోమం పని తగ్గితే కొవ్వుకే ఎందుకు చిక్కు?

జీర్ణాశయం వెనుక అడ్డంగా ఉండే చిన్న గ్రంథి క్లోమం. ఇన్సులిన్‌ను రక్తంలోకి వదలడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. రోజుకు లీటరుకు పైగా జీర్ణరసాన్ని తయారుచేసి చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి పంపడం మరో పని. ఆ రసంలో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్, మాంసకృత్తులను విడగొట్టే ట్రిప్సిన్ వంటివి, కొవ్వును విడగొట్టే లైపేజ్ ఉంటాయి.

పిండిపదార్థం విషయంలో లాలాజలం కొంత సాయపడుతుంది. మాంసకృత్తులకు జీర్ణాశయంలోని పెప్సిన్, పేగు గోడలోని ఎంజైమ్‌లు కొంత ఆసరా. కొవ్వుకు అలాంటి ఆసరా చాలా తక్కువ. అందుకే క్లోమం బలహీనపడినప్పుడు ముందుగా బయటపడేది కొవ్వు అరుగుదలలో లోపమే. దాంతోపాటు కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా ఒంటికి అందకుండా పోతాయి. రేచీకటి, ఎముకల బలహీనత, చిన్న దెబ్బకే రక్తం కారడం వంటివి కొందరిలో దీని ఫలితాలే.

కొవ్వుకూ క్లోమానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1840లలో కుందేళ్లలో గమనించాడు. కుందేలులో పైత్యరస నాళం పేగు మొదట్లోనే కలుస్తుంది. క్లోమ నాళం మాత్రం అక్కడికి చాలా దిగువన కలుస్తుంది. కొవ్వు తిన్న కుందేలును కోసి చూస్తే, పేగు నుంచి బయలుదేరే శోషరస నాళాలు క్లోమ నాళం కలిసిన చోటు దాటాకే పాలలా తెల్లబడి కనిపించాయి. కొవ్వు అరగడంలో క్లోమరసానికి పెద్ద పాత్ర ఉందని ఆయన అలా తేల్చాడు. పరికరాలేవీ లేకుండా, ప్రకృతి చేసిపెట్టిన ఏర్పాటును గమనించి తీసిన నిర్ధారణ ఇది.

క్లోమానికి నిల్వ శక్తి చాలా ఎక్కువ. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1973లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, లైపేజ్ ఉత్పత్తి మామూలులో 10 శాతం కంటే దిగువకు పడిపోయాకే మలంలో కొవ్వు పోవడం స్పష్టంగా మొదలవుతుంది. ఇందులో ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. మంచి ఏమిటంటే, పోయినదంతా తిరిగి పూడ్చనక్కరలేదు, అందులో కొంత భాగం అందించినా చాలావరకు పని జరుగుతుంది. చెడు ఏమిటంటే, జిడ్డు విరేచనాలు కనిపించే సమయానికి క్లోమం అప్పటికే బాగా దెబ్బతిని ఉంటుంది.

మన ప్రాంతాల్లో మరో చిక్కు కూడా ఉంది. నూనె, నెయ్యి తక్కువగా తినేవారిలో క్లోమం దెబ్బతిన్నా మలంలో జిడ్డు పెద్దగా కనిపించదు. పోవడానికి లోపల కొవ్వే తక్కువ. అలాగే మలం నీటిపై తేలితే కొవ్వు పోతున్నట్టేనని చాలామంది అనుకుంటారు. 1972లో వెలువడిన ఒక అధ్యయనం మలం తేలడానికి ముఖ్య కారణం అందులో చిక్కుకున్న వాయువేనని, కొవ్వు కాదని చూపింది. తేలడం ఒక్కటే చూసి క్లోమాన్ని అనుమానించడం గానీ, మునిగింది కాబట్టి క్లోమం బాగుందనుకోవడం గానీ సరికాదు.

క్యాప్సూల్ లోపల

వైద్యులు రాసే క్లోమ ఎంజైమ్‌లు దాదాపు అన్నీ పంది క్లోమం నుంచి తీసినవే. శాకాహారులకూ, మత నియమాల వల్ల పందిని తాకని వారికీ ఈ సంగతి ముందే చెప్పాలి. తర్వాత ఎవరో చెప్పగా తెలిసి, వైద్యుడికి చెప్పకుండా మందు మానేసేవారు ఉంటారు. ముందే మాట్లాడుకుంటే రోగి తన నిర్ణయం తాను తీసుకోగలుగుతాడు, వైద్యుడికి కూడా మందు వాడుతున్నారో లేదో తెలుస్తుంది.

క్యాప్సూల్ విప్పి చూస్తే లోపల పొడి ఉండదు, ఆవాల కంటే చిన్నవైన గుండ్రటి రేణువులు ఉంటాయి. ఒక్కో రేణువుకూ ఒక పూత ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం లైపేజ్‌ను శాశ్వతంగా పాడుచేస్తుంది కాబట్టి, ఆ పూత ఆమ్లంలో కరగకుండా నిలిచి, పీహెచ్ 5.5 దాటిన చోట, అంటే పేగులోకి చేరాక కరుగుతుంది. రేణువులు అంత చిన్నగా ఉండడానికి కూడా కారణం ఉంది. అవి అన్నంతో కలిసిపోయి, అన్నంతోపాటే జీర్ణాశయం దాటాలి. పెద్ద బిళ్ల అయితే తిండి ముందు వెళ్లిపోయి మందు వెనకబడుతుంది.

మందుల దుకాణంలో 'అరుగుదల టానిక్' అంటే ఇచ్చే సీసాలు వేరు. వాటిలో ఎక్కువగా ఉండేవి బూజు నుంచి తీసిన డయాస్టేజ్, పెప్సిన్ వంటివి. డయాస్టేజ్ పిండిపదార్థం మీద, పెప్సిన్ మాంసకృత్తుల మీద పనిచేస్తాయి. కొవ్వు సమస్యకు అవి జవాబు కాదు. కాబట్టి కొనేముందు డబ్బా మీద లైపేజ్ ఎన్ని యూనిట్లో చూడాలి. 10,000, 25,000 వంటి సంఖ్యలు సూచించేది దాన్నే. అలాంటి టానిక్ రెండు నెలలు తాగి, "ఎంజైమ్‌లు వాడాను, పనిచేయలేదు" అని వైద్యుడికి చెప్పడం వల్ల నిర్ధారణ పక్కదారి పడుతుంది.

మొదటి ముద్దతో

పెద్దవారిలో సాధారణంగా పూర్తి భోజనానికి 25,000 నుంచి 50,000 యూనిట్లు, చిరుతిండికి అందులో సుమారు సగం నుంచి మొదలుపెడతారు. తర్వాత అవసరాన్ని బట్టి వైద్యులు పెంచుతారు. భోజనానికి అరగంట ముందు పరగడుపున వేసుకున్నా, తిన్నాక గుర్తొచ్చి వేసుకున్నా మందు చాలావరకు వృథా. మొదటి ముద్దతో ఒకటి వేసుకోవాలి. రెండు క్యాప్సూళ్లు రాసి ఉంటే రెండోది భోజనం మధ్యలో వేసుకోవచ్చు. పప్పు, కూర, చారు, పెరుగు అంటూ అరగంటకు పైగా సాగే తెలుగు భోజనానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. పెళ్లి విందులో మొదట్లోనే ఒక క్యాప్సూల్ మింగేసి గంటసేపు తింటూ కూర్చుంటే చివర వచ్చే నేతి మిఠాయిల వంతుకు ఎంజైమ్ మిగలదు.

ఏ తిండికి వేసుకోవాలి అన్నది కొత్తవారిని బాగా తికమకపెట్టే ప్రశ్న. కొవ్వు, మాంసకృత్తులు ఉన్న ప్రతి తిండికీ అవసరమే. పెసరట్టు, గారె, మిరపకాయ బజ్జీ, గ్లాసెడు చిక్కటి పాలు, గుప్పెడు వేరుశనగ గింజలు, అన్నిటికీ. జామకాయ, పుచ్చకాయ ముక్కలు, కొబ్బరి నీళ్లు, నల్ల టీ వంటి వాటికి అక్కరలేదు. కొవ్వు ఎక్కువున్న పూట మోతాదు ఎంత పెంచుకోవచ్చో వైద్యుడిని ముందే అడిగి రాయించుకుంటే మంచిది. గరిష్ఠ హద్దు కూడా ఉంది: రోజు మొత్తం మీద కిలో శరీర బరువుకు 10,000 లైపేజ్ యూనిట్లు మించకూడదు. 50 కిలోల మనిషికి అది 5 లక్షల యూనిట్లు. మూడు పూటలా 50,000, రెండు చిరుతిళ్లకు 25,000 చొప్పున వేసుకున్నా 2 లక్షలే అవుతుంది. 1990లలో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలకు మరీ ఎక్కువ మోతాదులు ఇచ్చినప్పుడు కొందరిలో పెద్దపేగు గట్టిపడి ఇరుకైపోవడం గమనించాకే ఈ హద్దు పెట్టారు.

క్యాప్సూల్‌ను నమలకూడదు, నూరకూడదు. మింగలేనివారు, పిల్లలు దాన్ని విప్పి రేణువులను పుల్లటి మెత్తని తిండిలో, ఉదాహరణకు ఒక చెంచా పెరుగులో కలిపి వెంటనే మింగవచ్చు. వేడి పాలలోనో, జావలోనో, పాయసంలోనో కలపకూడదు. అక్కడ ఆమ్లం లేకపోవడంతో పూత గిన్నెలోనే కరిగిపోతుంది, వేడికి ఎంజైమ్ పాడవుతుంది. మింగాక నీళ్లు తాగాలి. నోట్లో చిక్కుకున్న రేణువు కరిగితే అది చిగుళ్లను కూడా అరిగించడానికి చూస్తుంది, పుండ్లు పడతాయి.

ఎంజైమ్ కూడా మాంసకృత్తే కాబట్టి వేడి దానికి పడదు. 25 డిగ్రీల లోపు ఉంచమని చాలా డబ్బాల మీద రాసి ఉంటుంది. మే నెలలో నందిగామలోనో, రామగుండంలోనో స్కూటరు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉంచిన డబ్బాలో ఎంత శక్తి మిగిలిందో పైకి చూసి చెప్పలేం. డబ్బా ఇంట్లో చల్లటి చోట ఉంచి, ఆ రోజుకు కావలసినవి మాత్రమే వెంట తీసుకెళ్లడం మేలు.

పాత సలహా ఒకటి ఇప్పటికీ ఇళ్లలో నడుస్తోంది: "నెయ్యి, నూనె పూర్తిగా మానెయ్." ఎంజైమ్ వాడుతున్నవారికి ఇప్పుడు వైద్యులు అలా చెప్పడం లేదు. బరువు తగ్గిన మనిషికి కొవ్వు నుంచి వచ్చే శక్తి కావాలి. కొవ్వు మానేసి, పక్కన క్యాప్సూల్ వేసుకుంటూ, బరువు పెరగడం లేదని బాధపడడంలో అర్థం లేదు. మామూలు తిండి తిని, దానికి తగిన ఎంజైమ్ వేసుకోవాలి. మధుమేహం కూడా ఉన్నవారికి ఒక హెచ్చరిక. తిండి బాగా అరగడం మొదలయ్యాక రక్తంలో చక్కెర స్థాయిలు మారతాయి, మొదటి వారాల్లో తరచుగా పరీక్షించుకోవాలి.

మేలు కనిపిస్తే జబ్బు తెలిసినట్టేనా?

రెండు వారాల్లో విరేచనాలు గట్టిపడి, ఉబ్బరం తగ్గితే ఇంటిల్లిపాదికీ ఊరట. "అయితే క్లోమమే కారణం" అన్న మాట అప్పుడే పుడుతుంది. ఆ మాట నిజం కావచ్చు. కానీ అదే రెండు వారాల్లో ఆ మనిషి బయటి తిండి మానేసి ఉండవచ్చు, ఆమ్లం తగ్గించే మాత్ర కూడా మొదలుపెట్టి ఉండవచ్చు. పేగు జబ్బుల్లో చాలావాటికి తమంతట తామే హెచ్చి తగ్గే స్వభావం ఉంది. మందు మీది నమ్మకం వల్ల కలిగే ఊరట కూడా చిన్నదేమీ కాదు. మరోవైపు, మేలు కనిపించకపోతే "క్లోమం కాదు" అనడం కూడా తొందరపాటే. మోతాదు చాలకపోవచ్చు, వేళ తప్పి ఉండవచ్చు, ఆమ్లం ఎక్కువై పూత కరగకపోవచ్చు. చిన్నపేగులో బాక్టీరియా అతిగా పెరగడం క్లోమ జబ్బుకు తోడుగా రావడం మామూలే. దానికి వేరే చికిత్స కావాలి. ఒక్క క్యాప్సూల్ తీర్పు మీద ఆధారపడి ఏ వైపూ తేల్చేయకూడదు.

ఒకే లక్షణం వెనుక ఎంత భిన్నమైన జబ్బులు ఉండగలవో చెప్పడానికి తెలుగువారికి బాగా తెలిసిన జీవితం ఒకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. అదే జబ్బు ఆయననూ పట్టింది, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. స్ప్రూలో కూడా కొవ్వుతో కూడిన విరేచనాలే, బరువు తగ్గడమే. కానీ అక్కడ దెబ్బతినేది క్లోమం కాదు, తిండిని పీల్చుకునే పేగు గోడ. ఎంజైమ్ ఎంత పోసినా పీల్చుకునే గోడే లేనప్పుడు ఫలితం ఉండదు. దానికి కావలసింది ఫోలిక్ ఆమ్లం, యాంటీబయోటిక్. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది సుబ్బారావే.

స్ప్రూ ఇప్పుడు అరుదైంది గానీ దానిలాంటివి ఇంకా ఉన్నాయి. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు, జియార్డియా పరాన్నజీవి, పేగు క్షయ, క్రోన్స్ జబ్బు, పైత్యరసం తగ్గడం, ఇవన్నీ తిండి ఒంటబట్టకుండా చేయగలవే.

చెంచాడు మలంతో ఒక పరీక్ష

క్లోమం పని ఎంతో తెలుసుకోవడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది మలంలో ఎలాస్టేజ్ పరీక్ష. ఎలాస్టేజ్ క్లోమం తయారుచేసే ఒక ఎంజైమ్. అది పేగులో పెద్దగా చెడిపోకుండా మలంలోకి చేరుతుంది. గ్రాము మలంలో 200 మైక్రోగ్రాములకు పైగా ఉంటే మామూలు, 100 కంటే తక్కువైతే తీవ్ర లోపం. మధ్యలో వచ్చిన సంఖ్య అటూ ఇటూ కాని జవాబు.

ఈ పరీక్ష గురించి రోగులను తరచూ తప్పుదారి పట్టించే ఒక భయం ఉంది: క్యాప్సూళ్లు వేసుకుంటూ పరీక్ష చేయిస్తే ఫలితం తప్పుగా వస్తుందేమోనని రోజుల తరబడి మందు మానేస్తారు. అవసరం లేదు. వాడుకలో ఉన్న పరీక్షల్లో మానవ ఎలాస్టేజ్‌ను మాత్రమే పట్టుకునే రకం ఉంది. పంది ఎలాస్టేజ్ అందులో లెక్కకు రాదు. తమ ప్రయోగశాల ఆ రకం వాడుతోందో లేదో అడిగి తెలుసుకుంటే చాలు. అంటే మందు ముందే మొదలైనా వెతుకులాట తలుపు మూసుకుపోలేదన్న మాట.

అసలు జాగ్రత్త మరో చోట కావాలి. నీళ్ల విరేచనాలప్పుడు నమూనా ఇస్తే, ఎలాస్టేజ్ నీటిలో పలచబడి సంఖ్య దొంగగా తక్కువ చూపిస్తుంది. 90 వచ్చిందని క్లోమానికి ముద్ర వేసే ముందు, ఆ రోజు మలం ఎలా ఉందో గుర్తుచేసుకోవాలి. కాస్త గట్టిపడ్డాక మళ్లీ చేయించడం సబబు. సీలియాక్ జబ్బులో కూడా పేగు నుంచి క్లోమానికి వెళ్లే సంకేతం మందగించి ఎలాస్టేజ్ తగ్గవచ్చు. గ్లూటెన్ మానేశాక అది మళ్లీ పెరుగుతుంది. ఇటువంటి రోగికి జీవితాంతం ఎంజైమ్ వాడాలని చెప్పడం అన్యాయం.

పాత పద్ధతి అయిన 72 గంటల మల పరీక్ష ఇంకా ఖచ్చితమైనది. రోజుకు 100 గ్రాముల కొవ్వు తింటూ మూడు రోజుల మలం మొత్తం సేకరించి, అందులో రోజుకు 7 గ్రాములకు మించి కొవ్వు పోతోందేమో చూస్తారు. రోగికీ, ప్రయోగశాల సిబ్బందికీ ఇష్టం లేని పని కాబట్టి చాలా చోట్ల మూలపడింది. పైగా కొవ్వు పోతోందని చెబుతుందే తప్ప, తప్పు క్లోమంలోనా పేగులోనా అన్నది చెప్పదు.

క్లోమం ఎందుకు దెబ్బతింది?

లోపం ఉందని తేలడం సగం జవాబే. ఎందుకు వచ్చిందో తెలియాలి. మద్యం, పొగతాగడం ముఖ్యమైన కారణాలు. పిత్తాశయ రాళ్ల వల్ల వచ్చిన తీవ్రమైన వాపు, పాత శస్త్రచికిత్స, ఒంటి రక్షణ వ్యవస్థ క్లోమం మీదే తిరగబడడం మరికొన్ని. చిన్నపిల్లల్లో అయితే సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను చెమట పరీక్షతో వెతకాలి.

దక్షిణ భారతానికి సొంతమన్నట్టుగా మరొకటి ఉంది. మద్యం ముట్టని పిల్లల్లో, యువకుల్లో క్లోమ నాళాల్లో రాళ్లు ఏర్పడి, కడుపునొప్పితో మొదలై మధుమేహం దాకా నడిచే జబ్బును కేరళ వైద్యుడు పి.జె. గీవర్గీస్ వందలాది రోగుల్లో పరిశీలించి 1968లో పుస్తకంగా రాశారు. కర్రపెండలం తినడం వల్లేనని చాలాకాలం అనుమానించారు. కానీ అది తినని ప్రాంతాల్లోనూ జబ్బు కనిపించడంతో ఆ వాదన బలహీనపడింది. 2002లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అక్కడి జీర్ణకోశ వైద్యులు కలిసి చేసిన పరిశోధన ఈ రోగుల్లో స్పింక్1 అనే జన్యువులోని మార్పులు ఎక్కువగా ఉన్నట్టు చూపింది. ట్రిప్సిన్ క్లోమంలోనే మేల్కొని దాన్నే అరిగించకుండా కాపాడే బ్రేకు లాంటిది ఈ జన్యువు. అయితే అదే మార్పు ఉన్న ఆరోగ్యవంతులూ ఉన్నారు. కాబట్టి జన్యు పరీక్ష ఒక్కటే జబ్బును తేల్చదు.

రాళ్లు ఉంటే మామూలు ఎక్స్‌రేలోనే కనిపించవచ్చు, సీటీ స్కాన్‌లో మరింత స్పష్టంగా తెలుస్తాయి. తొలి దశలో నాళాల మార్పులకు ఎంఆర్‌సీపీ, క్లోమాన్ని అతి దగ్గరి నుంచి చూసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ ఉపయోగపడతాయి. పెద్ద వయసులో, కొత్తగా మధుమేహం వచ్చి, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, కామెర్లు తోడైతే ఈ స్కాన్లను వాయిదా వేయకూడదు. క్లోమ క్యాన్సర్ నాళాన్ని మూసేసినా ఎంజైమ్ లోపం ఇలాగే మొదలవుతుంది. క్యాప్సూళ్లు విరేచనాలను సరిచేసి, ఆ లోపల గడ్డ పెరుగుతున్న నెలలను కనపడకుండా చేయగలవు. "మందు పనిచేస్తోంది కదా" అని స్కాన్ మానుకోవడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే.

మొదటి స్కాన్‌లో ఏమీ తేలకపోవడం అరుదు కాదు. అప్పుడు వైద్యులు కొన్ని నెలల తర్వాత స్కాన్, ఎలాస్టేజ్, మూడు నెలల సగటు చక్కెర పరీక్ష మళ్లీ చేయిస్తారు. ఈలోగా వారానికొకసారి ఒకే తూకం యంత్రం మీద చూసిన బరువు, ఏ పూట ఏం తిని ఎన్ని యూనిట్లు వేసుకున్నారు, మలం తీరు, మందు మరిచిన రోజులు, ఇవన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసి ఉంచాలి. ఎ, డి విటమిన్ల స్థాయిలు, ఎముకల సాంద్రత పరీక్ష ఫలితాలు కూడా అందులోనే చేర్చాలి. తరువాతిసారి వైద్యుడు మోతాదు పెంచాలా, ఆమ్లం తగ్గించే మందు జతచేయాలా, లేక క్లోమాన్ని వదిలి పేగు వైపు చూడాలా అన్నది నిర్ణయించేటప్పుడు ముందుగా తిరగేసేది ఆ పుస్తకాన్నే.